నూనె రెండుసార్లు తేలాలి: ఇంట్లో చిక్కటి మసాలా కోడి కూర

మాంసాహారం తినే తెలుగు ఇళ్లలో ఆదివారం అంటే చాలావరకు కోడి కూరే. అయినా వంట కొత్తగా మొదలుపెట్టినవారిలో ఎవరిని కదిపినా ఒకటే మాట: "అన్నీ వేశాను, అమ్మ చేసినట్టు మాత్రం రాలేదు." దాంతో మసాలా ప్యాకెట్టు మారుస్తారు. జీడిపప్పు రెట్టింపు చేస్తారు. చివర్లో ఇంత మీగడ కలుపుతారు. కూర చిక్కబడుతుంది కానీ ముక్క ఒకవైపు, మసాలా ఒకవైపు ఉండిపోతాయి.

నేనూ చాలాకాలం అలాగే వండాను. లోపం దినుసుల్లో లేదని, నేను నూనెను గమనించకపోవడంలో ఉందని ఆలస్యంగా తెలిసింది. మంచి మసాలా కూరలో నూనె రెండుసార్లు పైకి తేలాలి. ముక్కలు వేయకముందు ఒకసారి, కూర దించబోయే ముందు ఇంకోసారి. ఉల్లి, అల్లం, వెల్లుల్లి, టమాటాల పచ్చిదనం పూర్తిగా పోయిందని మొదటిది చెబుతుంది. గసగసాలు, కొబ్బరి, జీడిపప్పు ఉడికి ముక్కకు పట్టాయని రెండోది చెబుతుంది. రెండోదాని కోసం అందరూ ఎదురుచూస్తారు. మొదటిదాన్నే ఆకలి తొందరలో దాటేస్తారు. అక్కడ దాటేసిన పచ్చి వాసనను ఆ తర్వాత ఎన్ని సుగంధ ద్రవ్యాలు వేసినా కప్పిపుచ్చలేం.

ఈ వంటకు ముక్కలు నానే సమయం కాక గంటన్నర దాకా పడుతుంది. అంత సమయం లేని రోజున వేపుడు చేసుకోండి, అదీ మంచిదే.

ముక్కలు

కూరకు ఎముకతో ఉన్న ముక్కలే కావాలి. కాలు, తొడ దగ్గర కీళ్లను పట్టి ఉంచే జిగురు పదార్థం నెమ్మదిగా ఉడికినప్పుడు కరిగి గ్రేవీలోకి దిగుతుంది. కూర పెదవులకు కాస్త అంటుకున్నట్టు అనిపించేది దానివల్లే. రొమ్ము మాంసంలో ఆ జిగురు తక్కువ కాబట్టి ఉత్త బోన్‌లెస్‌తో వండిన కూర ఎంత మసాలా వేసినా పలచటి రుచితోనే మిగులుతుంది. అదీగాక రొమ్ము ముక్క నాలుగు నిమిషాలు ఎక్కువ ఉడికితే పీచులా తయారవుతుంది. అన్ని భాగాలూ కలిసిన కోడినే తీసుకుని, తొడ ముక్కలు కాస్త ఎక్కువ వేయమని అడగండి.

ముక్క మరీ చిన్నదిగా కొట్టించవద్దు. కిలోకు 14 నుంచి 16 ముక్కలు వస్తే సరిపోతుంది. చిన్నగా కొడితే ఎముక పలుకులు కూరలో పడతాయి, పిల్లల నోటికి గుచ్చుకుంటాయి. కాలేయం, కందనకాయ ఇష్టమైతే తెచ్చుకోండి గానీ వాటిని వేరుగా ఉంచండి. కందనకాయ ముందే ఉడకాలి, కాలేయం చివరి 8 నిమిషాల్లో వేస్తే చాలు.

కడగడం గురించి ఒక మాట. కుళాయి కింద పట్టి కడిగితే పచ్చి మాంసం మీది సూక్ష్మక్రిములు తుంపర్లతో పాటు చుట్టుపక్కల గిన్నెలకు, కూరగాయలకు అంటుకుంటాయని, అసలు కడగవద్దని ఆహార భద్రత నిపుణులు చెబుతారు. మన ఇళ్లలో పసుపు, ఉప్పు వేసి కడగకపోతే మనసొప్పదు. మానలేకపోతే లోతైన గిన్నెలో నీళ్లు పోసి, చేత్తో మెల్లగా కలిపి వంపేయండి. తర్వాత సింకు, చేతులు, కత్తి సబ్బుతో శుభ్రం చేయండి. ముఖ్యంగా నీరంతా ఓడిపోయేలా ముక్కలను చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచండి. ముక్కకు నీళ్లు అంటుకుని ఉంటే నానబెట్టిన మసాలా జారిపోతుంది.

కావలసినవి

ఇది కిలో చికెన్‌కు, ఐదారుగురికి సరిపడే లెక్క. చిన్న చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా అంటే 15.

నానబెట్టడానికి: ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచాలు, పసుపు అర చిన్న చెంచా, కారం 1 చిన్న చెంచా, అల్లం వెల్లుల్లి ముద్ద 1 పెద్ద చెంచా, పులవని పెరుగు 100 గ్రాములు.

గ్రేవీకి: నూనె 6 పెద్ద చెంచాలు, ఉల్లిపాయలు 300 గ్రాములు, టమాటాలు 150 గ్రాములు, పచ్చిమిర్చి 4, కరివేపాకు 2 రెమ్మలు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర పెద్ద చెంచాలు, కారం 2 చిన్న చెంచాలు, ధనియాల పొడి ఒకటిన్నర పెద్ద చెంచాలు, జీలకర్ర పొడి 1 చిన్న చెంచా, ఉప్పు 1 చిన్న చెంచా.

నూనెలో వేయడానికి: దాల్చినచెక్క అంగుళం ముక్కలు 2, లవంగాలు 4, యాలకులు 3, బిర్యానీ ఆకు 1, షాజీరా అర చిన్న చెంచా.

మసాలా ముద్దకు: గసగసాలు 2 పెద్ద చెంచాలు, జీడిపప్పు 12 పలుకులు, ఎండు కొబ్బరి తురుము 3 పెద్ద చెంచాలు.

చివర్లో: గరం మసాలా 1 చిన్న చెంచా, మిరియాల పొడి పావు చిన్న చెంచా, కొత్తిమీర గుప్పెడు, పుదీనా ఓ పది ఆకులు.

నూనె 6 చెంచాలా అని కంగారు పడకండి. నూనె తగ్గితే మసాలా వేగదు, ఉడుకుతుంది. ఉడికిన మసాలాకూ వేగిన మసాలాకూ ఉన్న తేడా ఒక్కసారి నాలుకకు తెలిస్తే మళ్లీ తక్కువ వేయబుద్ధి కాదు. తినేటప్పుడు తేలిన నూనె గరిటెతో పక్కకు తీసేయవచ్చు. వండేటప్పుడు మాత్రం ఉండాలి.

అల్లం వెల్లుల్లి ముద్ద అప్పటికప్పుడు నూరుకున్నదే మేలు. సీసాలో దొరికేదానిలో ఉప్పూ పులుపూ ముందే కలిసి ఉంటాయి, పైగా మూత తీసిన నాటి ఘాటు వారం తర్వాత ఉండదు. వెల్లుల్లి ఒకటిన్నర పాళ్లు, అల్లం ఒక పాలు అన్నది నా లెక్క. అల్లం ఎక్కువైతే కూర చేదెక్కుతుంది.

నానబెట్టడం

పెరుగును ముందు విడిగా గిలక్కొట్టండి. అందులో ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి కలిపి, ఆ తర్వాతే ముక్కలకు పట్టించండి. వేళ్లతో ప్రతి ముక్కనూ రుద్దండి. తొడ ముక్కలకు కత్తితో రెండు గాట్లు పెడితే మసాలా లోపలికి దిగుతుంది.

ఇక్కడ అసలు పని చేసేది ఉప్పు. మొదట అది ముక్కలోంచి నీటిని బయటికి లాగుతుంది. కొంతసేపటికి ఆ ఉప్పునీటినే ముక్క తిరిగి పీల్చుకుంటుంది. అలా ఉప్పు లోపలికి చేరిన మాంసం ఉడికేటప్పుడు తనలోని తేమను అంత తేలిగ్గా వదలదు. దీనికి కనీసం గంట కావాలి. రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది. ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచవద్దు. నిమ్మరసం మాత్రం ఈ దశలో వద్దు. ఎక్కువసేపు పులుపులో ఉంటే ముక్క పైపొర పిండిపిండిగా మారుతుంది. పెరుగులో ఉన్న కొద్దిపాటి పులుపు చాలు.

వండడానికి అరగంట ముందు గిన్నెను ఫ్రిజ్‌లోంచి తీయండి. చల్లటి ముక్కలు వేస్తే గిన్నె వేడి ఒక్కసారిగా పడిపోతుంది.

మసాలా ముద్ద

గసగసాలను పొడి మూకుడులో సన్నని సెగ మీద ఒక నిమిషం, చిటపటమనే దాకా వేడి చేయండి. రంగు మారకూడదు. తర్వాత జీడిపప్పుతో కలిపి వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. నానకపోతే గసగసాలు మిక్సీలో ఎంతసేపు తిప్పినా నలగవు, కూరలో ఇసుకలా పంటికి తగులుతాయి. ఎండు కొబ్బరి కూడా చేర్చి, నానబెట్టిన నీళ్లతోనే వెన్నలా వచ్చేవరకు రుబ్బండి. రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తే పలుకు తగలకూడదు.

పచ్చి కొబ్బరి వేయవచ్చా? వేయవచ్చు. కూర తియ్యదనం వైపు మొగ్గుతుంది, ఆ పూటే తినేయాలి. ఎండు కొబ్బరితో కూర మర్నాటికీ నిలుస్తుంది. జీడిపప్పు 12 పలుకులకు మించవద్దు. పెళ్లి విందుల్లో తినే తెల్లటి గ్రేవీలా కావాలంటే అది వేరే వంటకం. ఇక్కడ చిక్కదనానికి ముందు నిలవాల్సింది ఉల్లిపాయ, జీడిపప్పు దానికి తోడు మాత్రమే.

విదేశాల్లో ఉన్నవారికి ఒక జాగ్రత్త. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా వంటి దేశాల్లో గసగసాల మీద నిషేధం ఉంది. ఊరి నుంచి వెళ్తూ వంట సామాన్లలో ఒక పొట్లం పెట్టుకున్నా చిక్కుల్లో పడతారు. అక్కడ ఉండేవారు పుచ్చగింజల పప్పుతో ఇదే పని కానిచ్చుకోవచ్చు.

ఉల్లిపాయ

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. ఇరుకు గిన్నెలో ఆవిరి బయటికి పోక ఉల్లిపాయ వేగడానికి బదులు మగ్గిపోతుంది. నూనె వేడెక్కాక దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, బిర్యానీ ఆకు, షాజీరా వేయండి. లవంగం ఉబ్బి వాసన రాగానే, అంటే అర నిమిషంలోపే, సన్నగా, ఒకే మందంలో తరిగిన ఉల్లిపాయలు వేసి, గ్రేవీకి తీసిపెట్టిన ఉప్పులో సగం చల్లండి.

ఇక ఇక్కడే నిలబడండి. ఉల్లిపాయలో పదింట తొమ్మిది వంతుల దాకా నీరే. ఆ నీరు ఉన్నంతసేపు అది 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గరే ఉడుకుతూ ఉంటుంది. ఉల్లి ఎర్రబడి, కమ్మటి వాసన, తీపి కలిసిన రుచి రావాలంటే అంతకంటే బాగా ఎక్కువ వేడి, 140 డిగ్రీల దగ్గరికి, తగలాలి. అంటే నీరు ఎగిరిపోయేదాకా రంగు మారడం మొదలుకాదు. అందుకే మొదటి పన్నెండు పద్నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, ఆ తర్వాత మూడు నాలుగు నిమిషాల్లో అంతా జరిగిపోతుంది. మధ్యలో విసుగొచ్చి మంట పెంచినవారికి అంచులు మాడి, లోపల పచ్చిగా ఉన్న ఉల్లిపాయ దక్కుతుంది.

దీన్ని కంటితో కంటే చెవితో పట్టుకోవడం సులువు. నీరున్నంతవరకు గిన్నెలోంచి వచ్చేది వానజల్లు లాంటి తడి శబ్దం. నీరు తగ్గేకొద్దీ అది పలచబడి, చివరకు నూనె సన్నగా చిటచిటలాడటం వినిపిస్తుంది. ఆ మార్పు వినపడగానే సెగ తగ్గించి, గరిటె ఆపకుండా తిప్పాలి. ఉల్లిపాయ మొదట గాజులా మారుతుంది. తర్వాత గడ్డి రంగు, ఆపైన తేనె రంగు. తేనె రంగు దాటి, కొత్త ఇటుక రంగులోకి అడుగుపెడుతుండగా ఆగాలి. మధ్యస్థమైన సెగ మీద మొత్తం 15 నుంచి 18 నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో వేగుతుందని చెప్పే వంటల వీడియోలను నమ్మవద్దు. అక్కడ మధ్యలో కత్తిరించింది ఓపికనే.

అడుగున గోధుమరంగు పొర అంటుకుంటుంటే రెండు చెంచాల నీళ్లు చిలకరించి గరిటెతో గీకండి. ఆ పొర మాడు కాదు, రుచి. నల్లబడితే మాత్రం మాడే. అప్పుడు మొహమాటం లేకుండా పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. పావుకిలో ఉల్లిపాయతో పోయేదానికి కిలో చికెన్‌ను బలి చేయవద్దు.

కారం, మొదటి నూనె

నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి సన్నని సెగ మీద మూడు నిమిషాలు వేయించండి. ముక్కు దగ్గరకు తెచ్చుకుంటే కళ్లు మండే ఘాటు పోయి, వేయించిన వెల్లుల్లి వాసన రావాలి.

ఇప్పుడు కారం. మిరపకాయలోని ఎరుపు రంగూ మంటా రెండూ నూనెలో కరిగేవే, నీళ్లలో సరిగా కరగవు. కాబట్టి కారం నూనెలో పడితేనే కూరకు రంగు వస్తుంది. చివర్లో నీళ్ల మీద చల్లిన కారం పచ్చి కారంగానే మిగిలిపోతుంది. అయితే వేడి నూనెలో కారం మాడడానికి పది పదిహేను సెకన్లు చాలు. అందుకని మంట పూర్తిగా తగ్గించి, కారం, ధనియాల పొడి, జీలకర్ర పొడిలో మూడు చెంచాల నీళ్లు కలిపి ముద్దలా చేసి వేయండి. అర నిమిషం తిప్పేసరికి నూనె ఎర్రబడుతుంది.

ఏ కారం? గుంటూరు సన్నం వేస్తే మంట గట్టిగా ఉంటుంది. కర్ణాటక బ్యాడిగి మిరపకు, వరంగల్ చపాటా మిరపకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. నేను ఒకటికి ఒకటి కలుపుతాను. ఒక్క గుంటూరు కారంతోనే ఎర్రటి రంగు తేవాలని చూస్తే కూర నోట్లో పెట్టుకోలేం. అన్నట్టు, ఈ మిరపా టమాటా రెండూ పోర్చుగీసువారి రాక తర్వాతే మన దేశానికి చేరాయి. అంతకుముందు మాంసం కూరకు మంట ఎక్కువగా మిరియాలతోనే. చివర్లో పావు చెంచా మిరియాల పొడి వేయమన్నది ఆ పాత రుచి కోసమే.

సన్నగా తరిగిన టమాటాలు, మిగిలిన ఉప్పు వేసి మూత పెట్టండి. నాలుగు నిమిషాల్లో మెత్తబడతాయి. మూత తీసి, గరిటె వెనుక భాగంతో నలుపుతూ ఇంకో ఐదారు నిమిషాలు వేయించండి. మొదట ముద్ద నీళ్లనీళ్లగా, వెలసిన ఎరుపులో ఉంటుంది. నీరు ఇగిరేకొద్దీ రంగు ముదురుతుంది, ముద్ద గిన్నె అంచులను వదిలి మధ్యలోకి చేరుతుంది. గరిటెతో మధ్యలో ఒక గీత గీయండి. గీతలోకి నీరు చేరితే ఇంకా కాలేదు. గీత అలాగే నిలిచి, దాని ఒడ్డున ఎర్రటి నూనె చిన్న చిన్న చుక్కలుగా ఊరితే, అదిగో, మొదటిసారి నూనె తేలింది.

నీరు ఉన్నంతవరకు నూనె ముద్దతో కలిసిపోయి కనిపించదు. నీరు పోయాక పట్టి ఉంచేది లేక విడిపోతుంది. కాబట్టి ఇది అలంకారం కోసం చూసే గుర్తు కాదు, నీరు పోయిందనడానికి సాక్ష్యం. ఇది రాకముందు ముక్కలు వేయకండి. ఇంటికి చుట్టాలు వచ్చి హాల్లో కూర్చున్నా సరే.

ముక్కలు వేశాక

ముక్కలు వేసేటప్పుడు మంట తక్కువగా ఉండాలి, లేకపోతే పెరుగు విరిగి గ్రేవీలో తెల్లటి పలుకులు తేలతాయి. గిన్నెలో మిగిలిన మసాలా కూడా ఊడ్చి వేయండి. రెండు నిమిషాలు ఆపకుండా కలిపాక మంట పెంచి, ఐదారు నిమిషాలు తిప్పుతూ వేయించండి. గులాబీ రంగు పోయి ముక్క పైభాగం తెల్లబడి, మసాలా అంటుకుని మెరుస్తుంది.

తర్వాత మూత పెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు వదిలేయండి. నీళ్లు పోయవద్దు. మూత తీసి చూస్తే చికెన్ తనలోంచి వదిలిన నీరు గిన్నెలో అంగుళం ఎత్తున ఉంటుంది. నేను మొదట్లో ముక్కలు వేయగానే రెండు గ్లాసుల నీళ్లు పోసేవాడిని, ఆపైన ఈ నీరూ చేరి పులుసయ్యేది. చిక్కబడే దాకా మరిగించేసరికి ముక్క ఎముకను వదిలేసేది. ముందు సొంత నీటిలో మగ్గనిచ్చి, ఎంత నీరు వచ్చిందో చూసుకుని, తక్కువైనదే పోసుకోవాలి.

ముద్ద, రెండో నూనె

ఇప్పుడు రుబ్బిన మసాలా ముద్ద వేసి కలపండి. మిక్సీ గిన్నెను వేడినీళ్లతో కడిగి ఆ నీళ్లు కూడా పోయండి. మొత్తం 250 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. నీళ్లు వేడిగానే ఉండాలి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగి మళ్లీ అందుకోవడానికి ఐదు నిమిషాలు పోతుంది.

జీడిపప్పు, గసగసాలు పడ్డాక కూర తీరు మారిపోతుంది. అప్పటిదాకా మీ మాట విన్న గిన్నె ఇక అడుగంటడానికి చూస్తూ ఉంటుంది. ఓసారి ఈ దశలో ఫోను మోగితే మాట్లాడుతూ వరండాలోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి మాడు వాసన. కంగారులో గరిటెతో అడుగుదాకా గీకి కలిపేశాను. నల్లటి పెళ్లలు కూరంతా చేరాయి. ఆ రోజు ఇంట్లో అందరూ గుడ్డు పొరటుతో భోంచేశారు. అడుగంటిన వాసన రాగానే చేయవలసింది ఒక్కటే: గరిటె అడుగుకు తగలనివ్వకుండా, పైనున్న కూరను వేరే గిన్నెలోకి వంపి అక్కడ వండుకోవడం.

కాబట్టి సెగ బాగా తగ్గించి, మూత కొద్దిగా వారగా పెట్టి, మూడు నిమిషాలకోసారి అడుగు నుంచి కలుపుతూ 12 నుంచి 15 నిమిషాలు ఉడికించండి. కూర తెర్లుతూ ఉడకకూడదు, అక్కడొక బుడగ ఇక్కడొక బుడగ అన్నట్టు ఉండాలి. మసాలా ముద్ద పచ్చిగా ఉన్నప్పుడు గ్రేవీ వెలిసిపోయి పాలు కలిపినట్టు కనిపిస్తుంది. భయపడి కారం కలపవద్దు. ఉడికేకొద్దీ రంగు తిరిగి వస్తుంది. చివరికి కూర దగ్గరపడి, గిన్నె అంచుల చుట్టూ ఎర్రటి నూనె గీతలా కనిపిస్తుంది. రెండోసారి తేలింది.

ముక్క ఉడికిందో లేదో చూడడానికి తొడ ముక్కను ఎముక దగ్గర చీల్చండి. గులాబీ రంగు నీరు కారకూడదు. వంట థర్మామీటరు ఉంటే ముక్క మధ్యలో 74 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటాలి. కాలి ముక్క కింది అంచున మాంసం పైకి జరిగి ఎముక కొన కనిపిస్తుంటే ఉడికినట్టే లెక్క.

గరం మసాలా, మిరియాల పొడి, చేత్తో నలిపిన పుదీనా, సగం కొత్తిమీర వేసి రెండు నిమిషాలు ఉంచి పొయ్యి ఆపండి. గరం మసాలాను ముందే వేస్తే సువాసనంతా ఆవిరితో వంటిల్లు దాటి వీధిలోకి పోతుంది, కూరలో చేదు మిగులుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే రెండంగుళాల దాల్చినచెక్క, 10 లవంగాలు, 6 యాలకులు, ఒక అనాసపువ్వు, చిన్న జాపత్రి రేకు గోరువెచ్చగా వేడి చేసి పొడి కొట్టండి. రెండు మూడు కూరలకు వస్తుంది. నెలల తరబడి నిల్వ చేసుకునే వస్తువు కాదు.

మూత పెట్టి 20 నిమిషాలు కదపకండి. వేడి తగ్గేకొద్దీ గ్రేవీ ఇంకాస్త చిక్కబడి ముక్కను పట్టుకుంటుంది. ఉప్పు రుచి కూడా అప్పుడే చూడాలి. సలసల కాగే కూరలో నాలుకకు ఉప్పు తక్కువే అనిపిస్తుంది.

తేడా వస్తే

ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప వేయమంటారు. దుంప ఉప్పునీటిని పీల్చుకుంటుంది గానీ ఉప్పును మాత్రమే ఏరుకోదు. మిగిలిన గ్రేవీ ఎప్పటిలాగే ఉప్పగా ఉంటుంది. ఉల్లిపాయ, టమాటా ఉప్పు లేకుండా విడిగా వేయించి కలపండి, లేదా ఇంకాస్త కొబ్బరి, జీడిపప్పు ముద్ద వేసి వేడినీళ్లతో పెంచండి. కారం ఎక్కువైనా అదే ముద్ద పని చేస్తుంది, లేదంటే రెండు చెంచాల వెన్న. పలచబడితే మొక్కజొన్న పిండి జోలికి పోకండి. ముక్కలు తీసి పక్కన పెట్టి, గ్రేవీని మాత్రం పెద్ద మంట మీద ఇగిరించి మళ్లీ కలపండి. ముక్క చెడకుండా కూర చిక్కబడే దారి అదొక్కటే.

ఎంత చూసినా రుచి చప్పగా ఉందనిపిస్తే చాలాసార్లు లోటు పులుపుది. అరచెక్క నిమ్మరసం, అదీ దించాక.

నాటుకోడి అయితే

ఫారం కోడి సుమారు ఆరు వారాలకే దుకాణానికి చేరుతుంది, అందుకే తేలిగ్గా ఉడుకుతుంది. నెలల తరబడి తిరిగి పెరిగిన నాటుకోడి కండ గట్టిది, దానికి గంట పైమాటే. ఉల్లిపాయ, మొదటి నూనె వరకు పద్ధతి ఇదే. ముక్కలు వేయించాక ముప్పావు లీటరు వేడినీళ్లు పోసి కుక్కర్‌లో సన్నని సెగ మీద ఐదారు కూతలు రానిచ్చి, ఆవిరి దానంతటది పోయాక మూత తీసి, అప్పుడు మసాలా ముద్ద కలిపి పది పన్నెండు నిమిషాలు ఉడికించాలి. ముద్దను ముందే కుక్కర్‌లో వేస్తే అడుగంటడం ఖాయం. జీడిపప్పు పూర్తిగా మానేయవచ్చు, ఆ కోడికి ఉన్న సొంత రుచికి అది అడ్డు. కోస్తాలో దీన్ని గారెలతో, రాయలసీమలో రాగి సంగటితో, తెలంగాణలో జొన్న రొట్టెతో తింటారు. మూడింటికీ పులుసు కాస్త జారుగా ఉండాలి, కాబట్టి నీళ్లు మరీ ఇగరనివ్వకండి.

మర్నాటికి

కూర మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లో తినేయండి. మొత్తం గిన్నెను పదేపదే వేడి చేయకుండా తినేంతే తీసుకుని, రెండు చెంచాల వేడినీళ్లు చేర్చి, పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. మర్నాడు ఉప్పూ కారం ముక్క లోపలిదాకా దిగి ఉంటాయి. అందుకే చుట్టాలు వచ్చే రోజుకు నేను ముందురోజు రాత్రే వండేస్తాను, కొత్తిమీర మాత్రం వడ్డించే ముందు వేస్తాను.

ఇక వండిన గిన్నె సంగతి. దాన్ని అప్పుడే కడగడానికి వేయకండి. అడుగున, అంచుల చుట్టూ అంటుకుని ఉన్న మసాలాలో రెండు గరిటెల వేడి అన్నం వేసి, చేత్తో రుద్ది కలిపి, వంట చేసినవారు తినాలి.